పాత దూలాలు కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

బ్రాడీపేటలో పడగొట్టిన పెంకుటింటి దూలాలు నాలుగు, ఒక ద్వారబంధం కొన్నానని, అన్నీ బూడిద రంగుకి తిరిగి ఉన్నాయని, మోసపోయానేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. కంగారు పడకు. ఎండకీ వానకీ పైరంగు పోతుంది, అంతే. ఆ పొర మందం గోరంత కూడా ఉండదు. ఒక మూల రెండుసార్లు చిత్రిక పట్టు, అసలు కర్ర బయటపడుతుంది.

టేకైతే పసిమి తేలిన గోధుమ రంగు, వేలికి జిడ్డు, తోలు వాసన. మద్దైతే ముదురు రంగు మీద నల్ల చారలు. ఎత్తేటప్పుడే బరువు తెలుస్తుంది: ఘనపుటడుగు టేకు 18 కిలోల పైచిలుకు ఉంటే, మద్ది 24 దాకా తూగుతుంది. వేగిసేమోనని అనుమానం వస్తే గుప్పెడు రజను గాజుగ్లాసు నీళ్ళలో వేసి ఎండలో పెట్టు. నీళ్ళు తేనె రంగుకి తిరిగి, అంచున నీలంగా మెరిస్తే అది వేగిసే. ఇన్నేళ్ళయినా ఆ నీలం చూస్తే నాకు ముచ్చటే.

దూలం కొసలు జాగ్రత్త. గోడలో దిగిన జానెడు భాగం చెమ్మ పీల్చి ముందు పుచ్చుతుంది. సుత్తితో కొట్టుకుంటూ రా. ఖంగుమంటే చేవ ఉన్నట్టు, డొల్ల చప్పుడొస్తే అక్కడిదాకా కోసెయ్. టేకైనా సరే, అంచున ఉండే తెల్లచెక్కని చెదలు వదలవు. సన్న బెజ్జాలు కనిపిస్తే కింద పేపరు పరిచి వారం చూడు. కొత్తగా మెత్తటి పిండి రాలిందంటే పురుగు బతికే ఉంది, బోరాక్స్ నీళ్ళు పట్టించాలి.

మేకులు తీయకుండా రంపం పెట్టకు. ఒకసారి తొందరపడి కోస్తుంటే లోపల విరిగిన మేకు తగిలి, బ్లేడు పన్ను ఎగిరొచ్చి నా కనుబొమ్మ చీరింది. అంగుళం కిందైతే కన్నే పోయేది. అయస్కాంతం పెట్టి కర్రంతా తడుము. చుట్టూ నల్లమరక ఉన్నచోట ఇనుము ఉందనే అనుకో.

ద్వారబంధం మీది పాత రంగు పొడిగా గీకొద్దు. అందులో సీసం ఉండొచ్చు. తడిపి గీకు, చంటిదాన్ని ఆ చుట్టుపక్కలకి రానీకు.

కర్రల్ని నీడలో, మధ్య బద్దలు పెట్టి పేర్చు. ఎండలో పడేస్తే మద్ది నెర్రెలిస్తుంది. దానికి బెజ్జం వేయకుండా మేకు దించినా చీలుతుంది. టేకుకి జిగురు పట్టాలంటే ముందు థిన్నర్‌తో జిడ్డు తుడవాలి. నీ భోజనాల బల్లకి కాళ్ళు మద్దివి, పైచెక్క టేకుది పెట్టుకో.

గడపని మాత్రం చిత్రిక పట్టకు. మధ్యలో అడుగులకి అరిగిన పల్లం, సందుల్లో ఇంకిన పసుపు అలాగే ఉండనీ. దానిమీద కూర్చునే బల్లేదీ చేయించకు, మీ అమ్మ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. దేవుడి గూటి కింద అరగా బిగించు. ఆ రోజు నేనే ఉలి పట్టుకుని వస్తాను.

మీ మావయ్య