కూపర్స్‌టౌన్ లాంటి చిన్న ఊళ్లో బాబుని బేస్‌బాల్‌లో చేర్చాలా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారికి జె-1 వేవర్ మీద (ఇక్కడ శిక్షణకి వచ్చిన డాక్టర్లు వెంటనే ఇండియా తిరిగి వెళ్లనక్కర్లేకుండా, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచేసే ఏర్పాటు) న్యూయార్క్ రాష్ట్రంలో, కూపర్స్‌టౌన్ దగ్గర ఉద్యోగం వచ్చింది. వచ్చి రెండు నెలలైంది. చుట్టూ కొండలు, పొలాలు, అప్పుడే మంచు కూడా మొదలైంది. తెలుగువాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాబుకి ఎనిమిదేళ్లు. స్కూల్లో పిల్లలంతా బేస్‌బాల్ గురించే మాట్లాడుకుంటారట, వాడూ ఆడతానంటున్నాడు. మాకు ఆ ఆటలో ఓనమాలు తెలియవు. స్కూలు చూస్తే మరీ చిన్నది. ఈ మూడేళ్లు ఎలాగో గడిపేసి న్యూజెర్సీ వెళ్లిపోదామంటున్నారు మావారు. ఈలోపు ఇవన్నీ అవసరమా?

జవాబు: చేర్చమ్మా. తప్పకుండా చేర్చు.

"ఎలాగో గడిపేసి" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. ఇరవై రెండేళ్ల కింద మేమూ అదే అనుకుని ఇటువైపే ఓ చిన్న ఊరికి వచ్చాం. శనివారం వస్తే చాలు, కారెక్కి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి పరుగు. సరుకులు, స్నేహితులు, గుడి అన్నీ అక్కడే. ఊళ్లో ఎవరి పేరూ తెలియదు. మార్చి నెలాఖరులో మావాడు బేస్‌బాల్ ఆడతానంటే తీసుకెళ్లాను. పేర్లు తీసుకోవడం ఫిబ్రవరిలోనే అయిపోయిందన్నారు. ఆ వసంతమంతా వాడు కంచె వైర్లలో వేళ్లు దూర్చి, తన క్లాసు పిల్లలు ఆడుతుంటే అలా చూస్తూ నిలబడేవాడు. ఆ వేళ్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

నువ్వొచ్చిన ఊరు ఏ ఊరో ఒకసారి తెలుసుకో. రెండు వేల మంది కూడా లేని ఆ ఊరికి ఏటా లక్షల మంది వస్తారు, ఆ ఆటలో గొప్పవాళ్ల జ్ఞాపకాలు దాచిన మ్యూజియం, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చూడటానికి. అది అక్కడే ఎందుకు ఉందంటే, మూలం ఒక స్కూలు కుర్రాడి జ్ఞాపకం. 1905లో బేస్‌బాల్ ఎక్కడ పుట్టిందో తేల్చడానికి ఒక కమిషన్ వేశారు. అది పేపర్లో చూసి అబ్నర్ గ్రేవ్స్ అనే గనుల ఇంజనీరు ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి, ఉండేది ఎక్కడో డెన్వర్ వైపు. చిన్నప్పుడు కూపర్స్‌టౌన్‌లో ఓట్సెగో అకాడమీ పిల్లలు, గ్రీన్స్ సెలెక్ట్ స్కూల్ పిల్లలు గుంపులుగా బంతాట ఆడేవాళ్లనీ, దానికి అబ్నర్ డబుల్‌డే అనే ఆయన (తర్వాత సైన్యంలో జనరల్ అయ్యాడు) ఒక పద్ధతి పెట్టి బేస్‌బాల్ చేశాడనీ ఆ ఉత్తరం సారాంశం. కమిషన్ దాన్ని పట్టుకుని 1839, కూపర్స్‌టౌన్, డబుల్‌డే అని తేల్చేసింది.

నిజానికి 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలో చదువుకుంటున్నాడు. గ్రేవ్స్‌కి అప్పుడు ఐదేళ్లు. బేస్‌బాల్‌ని ఏ ఒక్కరూ కనిపెట్టలేదని, అంతకుముందే రకరకాలుగా ఆడుతున్న ఆటల్లోంచి అది మెల్లగా తయారైందని చరిత్రకారులు తేల్చారు. మన బిళ్లంగోడు ఊరికో రకంగా ఆడినట్టే అన్నమాట. అయినా నాకు ఆ ఉత్తరం మీద గౌరవం పోలేదు. సొంతూరు వదిలి ఎక్కడో దూరాన స్థిరపడిన పెద్దాయనకి ఆ వయసులో ఏం గుర్తున్నాయో చూడు. రెండు బడుల పేర్లు, వాటి పిల్లలు ఆడిన ఆట. మీవాడు రేపు ఎక్కడ స్థిరపడినా వాడికి గుర్తుండేదీ ఈ బడీ, ఈ గ్రౌండే.

ఊరు కూడా ఆ కథని నమ్ముకుని నిలబడింది. ఒకప్పుడు అక్కడ బీరుకి వాడే హాప్స్ పంట బాగా పండేది. అది దెబ్బతింది, తర్వాత 1930ల ఆర్థిక మాంద్యం. ఆ రోజుల్లో పక్కనే ఫ్లై క్రీక్‌లో ఒక పాత పెట్టెలో చిరుగుల బంతి దొరికితే, స్టీఫెన్ క్లార్క్ అనే ఆయన 5 డాలర్లకి కొన్నాడు. మన ఇళ్లలో అమ్మమ్మల దగ్గర ఉండే సింగర్ కుట్టుమిషన్ గుర్తుందా? ఆ కంపెనీ సంపాదన ఈ క్లార్క్ కుటుంబానిదే. ఆ బంతితో మొదలైన ప్రదర్శనే పెరిగి 1939 జూన్ 12న హాల్ ఆఫ్ ఫేమ్‌గా తెరుచుకుంది. గ్రేవ్స్ ఉత్తరంలో చెప్పిన, ఫిన్నీ అనే ఆయన పశువులు మేపుకునే బీడే ఇప్పటి డబుల్‌డే ఫీల్డ్. మీరు వెళ్లి మెట్ల మీద కూర్చోవచ్చు.

దక్షిణంగా ఓ ఇరవై మైళ్లు పోతే వనియాంటా. 1967 నుంచి 1998 దాకా న్యూయార్క్ యాంకీస్ వాళ్ల కుర్ర జట్టు అక్కడే ఉండేది. తర్వాత యాంకీస్‌లో పెద్ద స్టార్ అయిన డాన్ మాటింగ్లీ 1979లో తన ప్రొఫెషనల్ ఆట మొదలుపెట్టింది అక్కడే. తర్వాత డెట్రాయిట్ టైగర్స్ జట్టు వచ్చింది, 2009 సీజన్ అవగానే కనెక్టికట్‌కి తరలిపోయింది. ఇప్పుడు వేసవిలో కాలేజీ కుర్రాళ్ల జట్టు ఆడుతుంది. ఇలాంటి జట్ల పిల్లలకి ఊళ్లోవాళ్లే తమ ఇళ్లలో గది ఇచ్చి అన్నం పెడతారు. రెండేళ్లు ఆగి మీరూ ఒక కుర్రాణ్ని పెట్టుకోండి. మీవాడికి అన్నయ్య దొరికినట్టే ఉంటుంది.

ఇక స్కూలు సంగతి. చిన్నదని చిన్నచూపు వద్దు. ఒకప్పుడు ఈ కొండల్లో ప్రతి నాలుగు పొలాలకీ ఒక ఒంటిగది బడి ఉండేది. అవన్నీ కలిసి ఒక్కో సెంట్రల్ స్కూల్ అయ్యాయి. పేరులో "సెంట్రల్" ఉండటానికి కారణం అదే. కూపర్స్‌టౌన్ స్కూలు జట్లకి చాలా ఏళ్లు "రెడ్‌స్కిన్స్" అని పేరుండేది. అది ఇక్కడి ఆదివాసుల్ని కించపరిచే మాట. 2013లో పిల్లలే మార్చాలని అడిగితే బోర్డు ఒప్పుకుంది. ఇక్కడి ఆదివాసుల్లో ఒక తెగ అయిన ఒనైడా నేషన్ వాళ్లు కొత్త యూనిఫాంలకి డబ్బిస్తామని ముందుకొచ్చారు. ఇప్పుడు ఆ జట్లు "హాకైస్". రాష్ట్రం మొత్తానికి అలాంటి పేర్లు వద్దన్న నిబంధన పదేళ్ల తర్వాత, 2023లో వచ్చింది. చిన్న స్కూలు పిల్లలు చేసిన పని అది.

లోటు లేదనను. పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఉన్నన్ని ఏపీ కోర్సులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి పాఠాలు) ఇక్కడ ఉండవు. హైస్కూల్ దాకా వచ్చాక కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు, ఆన్‌లైన్ క్లాసులు చూసుకోవాలి. కానీ మీవాడికి ఎనిమిదేళ్లే కదా, ఇప్పటినుంచే టెన్షన్ పడకండి. పెద్ద స్కూళ్లలో జట్టులో చోటు కోసం వడపోత ఉంటుంది. ఇక్కడ జట్టు నిండాలంటే ప్రతి పిల్లాడూ కావాలి. ఏటా మే నెల మూడో మంగళవారం స్కూలు బడ్జెట్ మీద ఊరంతా ఓటేస్తారు. సిటిజన్లు కాదు కాబట్టి మీకు ఓటు లేదు, బోర్డు మీటింగులకి మాత్రం వెళ్లి కూర్చోవచ్చు. నెలకోసారి వెళ్లండి, ఊళ్లో సగం మంది పరిచయమైపోతారు.

చేయాల్సినవి చెబుతాను. రిజిస్ట్రేషన్ తేదీ ఈ వారమే స్కూల్ ఆఫీసులో అడుగు, సాధారణంగా జనవరి ఫిబ్రవరిల్లోనే అయిపోతుంది. వయసు రుజువు, ఇంటి అడ్రసు రుజువు అడుగుతారు. చిన్నపిల్లలకి చాలాచోట్ల కోచే బంతి వేస్తాడు, భయం లేదు. మీవారు క్రికెట్ చూసే మనిషే అయితే ఒక్క మాట చెప్పు: ఇక్కడ బంతి బ్యాటుకి తగిలి కీపర్ వైపు వెనక్కి వెళితే పరుగు కాదు, ఫౌల్. మిగతాది బాబే నేర్పిస్తాడు. గ్రౌండ్ దగ్గర చిరుతిళ్లమ్మే స్టాండ్‌లో తల్లిదండ్రులు వంతులవారీగా నిలబడతారు, ఒక వంతు నువ్వూ రాయించుకో. ఏప్రిల్‌లో కూడా ఇక్కడ వేళ్లు కొంకర్లు పోతాయి, దుప్పటి, ఫ్లాస్కులో టీ మరిచిపోకు.

గ్లవ్ మాత్రం ఇప్పుడే కొను. కొత్తది చెక్కలా ఉంటుంది, చిన్న చెయ్యి మూయలేదు. కొంచెం గ్లవ్ ఆయిల్ గుడ్డతో రుద్ది, మధ్యలో బంతి పెట్టి, లావు రబ్బరు బ్యాండ్ వేసి, రాత్రి పరుపు కింద పెట్టించు. పొద్దున్నే తీసి హాల్లో నాన్నతో కాసేపు మెత్తని బంతి పట్టించు. మంచు కరిగేసరికి అది వాడి చేతిలో ఒదిగిపోతుంది.

వాడి మొదటి ఆట ఎప్పుడో తేదీ తెలిశాక నాకు రాయమ్మా. శనివారమైతే నేనూ మీ వదినా వస్తాం.