తప్పుడు స్పీడ్ చలాన్ కట్టేయాలా, తేల్చుకోవాలా? మా ఎర్ర కారు అనుభవం

ప్రశ్న ఇది: "నేను ఆ స్పీడులో వెళ్లనే లేదు, అయినా స్పీడ్ గన్ చలాన్ వచ్చింది. నాది స్పోర్ట్స్ కారు కాబట్టి ఎవరూ నమ్మడం లేదు. కట్టేసి ఊరుకోవాలా, తేల్చుకోవాలా?"

తేల్చుకోండి. ఎవరూ నమ్మడం లేదన్నారు చూడండి, ఆ మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. నన్ను మా ఆవిడే నమ్మలేదు.

మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. నా దగ్గర ఎర్ర ఫోర్డ్ ముస్టాంగ్ స్పోర్ట్స్ కారు ఉంది. 2017 మోడల్, విశాఖలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పలాసలో అయిదు లీటర్ల ఇంజను నీకెందుకురా అని అడగని చుట్టం లేడు. కాశీబుగ్గలో ఆపితే చాలు, కుర్రాళ్లు చుట్టూ చేరి ఫోటోలు దిగుతారు. స్టార్ట్ చేస్తే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. ఇలాంటి బండిలో వెళ్లేవాడు మెల్లగా వెళ్తాడంటే జనం ఎందుకు నమ్ముతారు? కానీ నిజం చెప్తున్నాను, శ్రీకాకుళం జిల్లాలో అందరికన్నా నెమ్మదిగా వెళ్లేది నేనే. ఎందుకో కింద చెప్తాను.

ఆ రోజు ఆదివారం. మా అమ్మని అరసవల్లి దర్శనానికి తీసుకెళ్తున్నాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఈ కారులో కూర్చోవడమంటే నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే, ఎక్కించడానికి ఒకరు, దించడానికి ఇద్దరు కావాలి. ఎడం చేత్తో డోరు పట్టుకుంది, ఒళ్లో కొబ్బరికాయల సంచి. ముల్లు ఎనభై దాటిందంటే "ఒరే" అని ఒక్క కేక వేస్తుంది. ఆ కేక ముందు ఏ స్పీడ్ గన్నూ పనికిరాదు. నరసన్నపేట దాటి మడపాం వైపు వెళ్తుంటే రొయ్యల బొలెరో ఒకటి కుడి పక్క నుంచి ఈల వేసినట్టు దూసుకుపోయింది. వెనక డబ్బాల్లోంచి ఐసు నీళ్లు కారుతున్నాయి, నా అద్దం మీద నాలుగు చుక్కలు పడ్డాయి కూడా. మా అమ్మ ఉలిక్కిపడి "ఈడి జిమ్మడ, ఎక్కడికిరా అంత తొందర!" అని తిట్టింది. అందుకే ఆ బొలెరో నాకు గుర్తుండిపోయింది.

పంతొమ్మిది రోజుల తరవాత డాక్టరు గారు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. "తమ్ముడూ, ఇది నీ ఖాతాలోదే అనుకుంటా." 118 కిలోమీటర్లు, పరిమితి 80, సెక్షన్ 183 (అంటే అతివేగం), జరిమానా వెయ్యి, పైన యూజర్ ఛార్జీలు 35. ఆర్సీ నా పేరు మీదకి మారి రెండేళ్లయింది, ఫోన్ నెంబరు మాత్రం డాక్టరు గారిదే ఉండిపోయింది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇవాళే వెళ్లి వాహన్ (బళ్ల రిజిస్ట్రేషన్ల సర్కారు సైట్) రికార్డులో మీ నెంబరు ఉందో లేదో చూసుకోండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ అన్నీ సరి చూసుకున్న నేను ఇదొక్కటి వదిలేశాను. దాని దెబ్బ ఎక్కడ తగిలిందో వస్తుంది, ఆగండి.

ఇంట్లో చెప్తే మా ఆవిడ "కట్టేయండి, అలా వెళ్లని రోజు ఏదైనా ఉందా?" అంది. మా బావమరిది "ఉంచు బావా, 2022లో తెలంగాణలో ఇచ్చినట్టు మనకీ ఎప్పుడో పాత చలాన్ల మీద డిస్కౌంట్ ఇస్తారు" అన్నాడు. మా ఫ్యాక్టరీలో డ్రైవరు కుర్రాడైతే ఫోటో చూసి బాధపడ్డాడు. "118యేనా అన్నా? ముస్టాంగ్ పరువు తీసేశావు కదా!"

ఆ రాత్రి కూర్చుని చట్టం అంతా చదివాను. మోటారు వాహనాల కేంద్ర నిబంధనల్లో 167ఏ అని ఒకటుంది, 2021 ఆగస్టులో చేర్చారు. నేను చదివినప్పుడు ఉన్న రూలు ప్రకారం కెమెరా, స్పీడ్ గన్ లాంటి పరికరాలకి ఏటేటా రెన్యువల్ అయ్యే ఆమోద పత్రం ఉండాలి, ముందు బోర్డు పెట్టాలి, నోటీసు 15 రోజుల్లోగా పంపాలి, చలాన్ తేలేదాకా రికార్డు దాచాలి. పంతొమ్మిది రోజులకి నాకు తెలిసింది కాబట్టి కేసు గెలిచేసినట్టే అనుకున్నాను. ఆనందంతో నిద్ర పట్టలేదు. ఇంకోటి కూడా పట్టుకున్నాను. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కారు 100 దాకా వెళ్లొచ్చు. మరి 80 ఎక్కడిది? దానికి జవాబు మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్‌లోనే ఉంది, రాష్ట్రం కావాలంటే తగ్గించి బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి ఈ వాదన పట్టుకుని వెళ్లకండి, నవ్వుతారు. అలాగే గన్ పక్కకి నిలబెట్టి తీశారు, రీడింగ్ ఎక్కువ వచ్చింది అని కూడా అనకండి. ఆగి ఉన్న గన్‌తో ఏటవాలుగా తీస్తే వచ్చేది అసలు స్పీడుకన్నా తక్కువే, అది మనకే లాభం.

డ్యాష్ క్యామ్ ఉంది కదా అంటారేమో. ఉంది. జీపీఎస్ స్పీడుతో సహా రికార్డు చేస్తుంది. కార్డు నిండిపోగానే పాతది చెరిపేసి దాని మీదే రాసుకుంటుంది. పంతొమ్మిది రోజుల్లో ఎన్నిసార్లు చెరిగిపోయిందో. అందులో నాకు దొరికింది మా ఫ్యాక్టరీ గేటు, దాని ముందు పడుకున్న ఆవు.

సోమవారం ట్రాఫిక్ పోలీసుల ఆఫీసుకి బయల్దేరాను. మా అమ్మ నేనూ వస్తానంది. సాక్షి కదా అని తీసుకెళ్లాను. అదే నేను చేసిన పొరపాటు.

కారు ఆఫీసు ఆవరణలో ఆగేసరికి లోపలున్న వాళ్లు సగం మంది బయటికొచ్చారు. ఒక కానిస్టేబుల్ గారు బానెట్ మీద చెయ్యి వేసి, చాలా ప్రేమగా అడిగారు. "ఎంత పోద్ది సార్ ఇది?"

ఆలోచించండి. స్పీడ్ చలాన్ తప్పని చెప్పడానికి వెళ్లినవాణ్ణి ఈ కారు ఎంత పోద్ది అని అడుగుతున్నారు. "ఎనభై" అన్నాను. ఆయన నా మొహంలోకి అలాగే చూశారు. "లీటరుకి ఎంత ఇస్తాది?" "అయిదు." ఇది మాత్రం వెంటనే నమ్మారు.

లోపల ఎస్సై గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. నేను 167ఏ తీశాను, 15 రోజులు అన్నాను. ఆయన కంప్యూటరులో చూసి, "నాలుగో రోజే మెసేజ్ వెళ్లిందండీ, ఈ నెంబరుకి" అని చదివారు. డాక్టరు గారి నెంబరు. ఆయన ఆ మెసేజ్ చూసుకోకుండా రెండు వారాలు వదిలేశారన్నమాట. నా బ్రహ్మాస్త్రం అక్కడితో అయిపోయింది.

ఈలోగా మా అమ్మ ముందుకు జరిగింది. "బాబూ, నానున్నాను కదా బండిలో. మా గుంటడు ఆ రోజు మెల్లగానే తోలేడు." నలభై ఒకటో ఏట నన్ను ఎస్సై ముందు గుంటడు అంది, సరే. అక్కడితో ఆపినా బాగుండును. "మొన్న వైజాగు ఎల్లినప్పుడే ఇమానం లాగ తోలేడు, నాను కళ్లు మూసేసుకున్నాను" అంది. గదిలో ఒక్క క్షణం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తరవాత ఎస్సై గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక మిగిలింది ఫోటో. వాట్సాప్‌లో వచ్చింది మసకగా ఉంది, అసలుది చూపించమని బతిమాలాను. ఆయన తెరిచి పెద్దది చేశారు. ఎడం వరసలో నా ఎర్ర కారు, నెంబరు స్పష్టంగా కనపడుతోంది. దానికి ఆనుకున్నట్టే కుడి వరసలో తెల్ల బొలెరో. కింద పట్టీలో తేదీ, టైము, స్పీడు, దూరం: 290 మీటర్లు. మధ్యలో గురి గుర్తు, ఆ ప్లస్ లాంటి గీతలు, ఎక్కడుంది? బొలెరో గ్రిల్ మీద. బొలెరో నెంబరు ప్లేటు మట్టితో నిండిపోయి ఉంది, ఒక్క అంకె కనపడదు. నెంబరు ఎక్కించినవాళ్లకి ఫోటోలో చదవడానికి దొరికింది నా ఒక్కడిదే. అందులోనూ ఎర్ర కారు, రెండు తలుపులది. ఇంకో ఆలోచన ఎందుకు వస్తుంది?

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను. లేజర్ గన్ కిరణం సన్నటి దారంలా ఉంటుందనుకుంటాం. దూరం వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది, మూడొందల మీటర్ల దగ్గర సుమారు మీటరు వెడల్పు ఉంటుంది. పక్కపక్కనే రెండు బళ్లుంటే ఆ 118 ఎవరిదో ఫోటోలో గురి గుర్తు చూసే చెప్పాలి. నేను 80లో, వాడు 118లో వెళ్తుంటే మా ఇద్దరి తేడా సెకనుకి పదిన్నర మీటర్లు. నా కారు పొడవు అయిదు మీటర్లకి కొంచెం తక్కువ. అంటే వాడి బానెట్ నా కారు తోక దగ్గర నుంచి ముక్కు దాకా రావడానికి పట్టింది అర సెకను. సరిగ్గా ఆ అర సెకనులో గన్ను నొక్కారు. నా జాతకం అలాంటిది. నేను 80లో ఉన్నానని రుజువేంటి అని మీరు అడగొచ్చు. మా అమ్మ పక్కనుంది, అంతకన్నా రుజువేం కావాలి?

ఎస్సై గారు తెర దగ్గరికి ఒంగి రెండుసార్లు చూశారు. "నిజమేనండీ, కానీ నేనిక్కడ నొక్కితే పోయేది కాదు, అర్జీ పెట్టండి" అన్నారు. అక్కడే తెల్ల కాగితం మీద రాసిచ్చాను. చలాన్ నెంబరు, ఆర్సీ కాపీ, ఫోటో ప్రింటు మీద గురి గుర్తు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. మీరూ అలాగే చెయ్యండి. ఈ-చలాన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టే చోటు ఉంది, అందులోనూ ఇవే పెట్టాను. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. ఫోటో చూపించమంటే వాళ్లు కాదంటే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గన్ను ఆమోద పత్రం కాపీ కూడా అందులోనే అడగండి. అప్పటికీ తేలకపోతే కోర్టు. మా లాయరు ఫ్రెండు ఒకడు "వెయ్యి రూపాయలకి నాలుగు వాయిదాలు తిరుగుతావా, నీ డీజిలు ఖర్చు చూసుకో" అన్నాడు. నాది పెట్రోలు, అది ఇంకా ఎక్కువ. అయినా తిరిగేవాణ్ణే. కట్టకుండా మర్చిపోదాం అని మాత్రం అనుకోకండి, రేపు బండి అమ్మేటప్పుడు పాత చలాన్లన్నీ వరసకట్టి ఎదురొస్తాయి.

నేనే జిల్లాలో అందరికన్నా నెమ్మది అన్నాను కదా. దానికి కారణం స్పీడ్ బ్రేకర్లు. రోడ్లు ఎలా ఉండాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రంగా ఉండాలి, 25 స్పీడులో హాయిగా దాటాలి. మా ఊళ్ల రోడ్ల మీద ఉన్నవి చూడండి. పొలం గట్టు తెచ్చి రోడ్డుకి అడ్డంగా వేసినట్టుంటాయి, రంగు ఉండదు, బోర్డు ఉండదు. నా కారు కడుపుకి, నేలకి మధ్య జానెడు కూడా లేదు. ప్రతి గట్టు దగ్గరా ఆగి, పక్కకి తిప్పి, ఒక్కో చక్రం విడిగా దించుతాను. వెనక ఆటోవాడు హారన్ కొడుతూ "బండి పాడైందా సార్?" అని అడుగుతాడు. కోతలైపోయాక ఇంకో సంబరం, రోడ్డులో సగం వడ్లు ఆరబోసి, అంచుకి రాళ్లు పెడతారు. రైతుని ఏమనగలం, కళ్లం లేనివాడు ఎక్కడ ఆరబోస్తాడు? రాత్రి అయితే రాయి కనపడదు. ఎదురుగా వచ్చేవాడు హైబీమ్ ఎల్‌ఈడీలు వేసుకుని పెళ్లి ఊరేగింపులా వస్తాడు. నాలుగొందల గుర్రాల ఇంజను వేసుకుని నేను మా ఊళ్లో ఎక్కువగా తిరిగేది రెండో గేరులోనే. డివైడర్ పక్కన రాంగ్ రూట్‌లో వచ్చే బైకులకి ఫోటో తియ్యరేం అని నేను ఎస్సై గారిని అడుగుదామనుకున్నాను. మా అమ్మ ఇంకేదో చెప్పబోతోందని లేచి వచ్చేశాను.

బయటికొస్తే కానిస్టేబుల్ గారు ఇంకా కారు దగ్గరే ఉన్నారు. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి సార్, వింటాం." చేశాను. ఒకసారి రైజ్ కూడా చేశాను, ఒప్పుకుంటాను. "ఎనభై పోద్దంట" అని ఆయన పక్కాయనతో అనడం వినపడింది.

నెలన్నర తరవాత సైట్‌లో చూస్తే ఆ చలాన్ పెండింగ్‌లో లేదు. తీసేశామని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. ఈలోగా ఫోన్ నెంబరు మార్పించాను కాబట్టి తరవాతి మెసేజ్ సరిగ్గా నా ఫోనుకే వచ్చింది. 97. ఫోటో పెద్దది చేసి చూశాను. బొలెరో లేదు, బస్సు లేదు, గురి గుర్తు నా నెంబరు ప్లేటు మీద అతికించినట్టుంది. 1,035 అప్పుడే కట్టేశాను. మా అమ్మకి చెప్పలేదు.