పాత కోటకు కొత్త గదులు కడుతున్న మీ అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మొదటి సంవత్సరం మార్కులు బాగానే వచ్చాయి. కొన్ని నెలలుగా రాత్రిళ్లు కూర్చుని ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అనే పాత గేమ్‌కు సొంతంగా లెవెల్స్ తయారుచేస్తున్నాడు. 1996లో నేను కంప్యూటర్ కోర్సు చేసేటప్పుడు ఆడిన ఆటే అది. దానివల్ల డబ్బు రాదు, పేరు రాదు. ముక్కూ ముఖం తెలియని వాళ్లెవరో ఆడి బాగుందంటే మురిసిపోతాడు. కోపం పట్టలేక పోయిన నెల ఆ ఫోల్డర్ తీసేశాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. ఇప్పుడు గేమ్ డిజైన్ డిగ్రీ చేస్తానంటున్నాడు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్లకు పద్దెనిమిది లక్షలట. బీటెక్ సీఎస్ఈతో పోలిస్తే అది ఎలా ఉంటుంది? వాడి నోట్‌బుక్ పేజీల ఫొటోలు పంపుతున్నాను, మీరే చూడండి.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఆ ఫొటోల సంగతి మాట్లాడుకుందాం. మీరు ఫిర్యాదుకు సాక్ష్యంగా పంపారు. నాకు మాత్రం అవి మీ అబ్బాయి తరఫున సాక్ష్యం చెబుతున్నట్లే ఉన్నాయి.

మూడో పేజీ తీసి మళ్లీ చూడండి. రూళ్ల నోట్‌బుక్కులో పెన్సిలుతో అడ్డంగా పది, నిలువుగా మూడు గళ్లు గీశాడు. ఒక గడిలో ముళ్లు, ఒక గడిలో కాలు పెడితే గేటు తెరుచుకునే పలక, చివర గేటు. పక్కన చిన్న అక్షరాలతో ఇలా రాసుకున్నాడు: “చేరేలోపు గేటు మూసుకుంటోంది. పలక రెండు గళ్లు ముందుకు.” దాన్ని కొట్టేసి, కింద: “మరీ సులువైపోయింది. ఒక గడి వెనక్కి.” ఆ కింద: “పరుగెత్తి దూకడానికి చోటు లేదు. గోడ తీసెయ్యాలి.” అన్నిటికంటే కింద: “చెల్లి ఆడింది. 9 సార్లు చచ్చింది. విసుక్కోలేదు. సరే.”

ఆ చివరి మాట నన్ను పట్టేసింది. తొమ్మిదిసార్లు ఓడిపోయిన మనిషి విసుక్కుందా లేదా అని పక్కన కూర్చుని చూసి, దాన్ని రాసుకునే అలవాటు పదిహేడేళ్లకే ఎంతమందికి ఉంటుంది? ఉద్యోగంలో చేరిన అయిదేళ్లకు కూడా ఇది పట్టుబడని ఇంజినీర్లు నా దగ్గరికి వస్తుంటారు.

ఆటలో మునిగిపోవడం, ఆటను కట్టడం ఒకటి కాదండీ. రాత్రంతా ఆడినవాడికి తెల్లారేసరికి కళ్ల మంటలు తప్ప చూపించడానికి ఏమీ మిగలదు. మీ అబ్బాయి దగ్గర లెవెల్స్ ఉన్నాయి. అంటే ఉండేవి, మీరు తీసేసే దాకా.

కోటలో రాకుమారుడు పరుగెత్తే ఆ పాత గేమ్‌లో లెవెల్స్ కట్టడం ఎంత ఇరుకైన పనో మీకు తెలియకపోవచ్చు. ఒక్కో లెవెల్‌కు 24 గదులు దాటకూడదు. గదికి 30 గళ్లు, ఒక్కడే కాపలావాడు. ఇరవై అయిదో గది కావాలన్నా దొరకదు. రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టే మేస్త్రీ లాగా, ఉన్నదాంట్లోనే మెట్లు, గుమ్మాలు, గాలి, వెలుతురు అన్నీ చూసుకోవాలి. అసలు ఆట పుట్టిందే అలాంటి ఇరుకులో. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రవాడు తమ్ముడిని పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో కదలికనూ బొమ్మగా మార్చి 1989లో ఆపిల్-2 కంప్యూటర్ కోసం దాన్ని విడుదల చేశాడు. కొత్త శత్రువు బొమ్మలు పెట్టడానికి కంప్యూటర్ మెమరీ చాలకపోతే, రాకుమారుడి బొమ్మలనే మార్చి వాడి నీడను శత్రువుగా నిలబెట్టాడు. అద్దంలోంచి బయటికి దూకి వచ్చే ఆ నీడ మీకూ గుర్తుండే ఉంటుంది. ల్యాబ్‌లోకి సార్ రాగానే తెర మార్చేసి డాస్ కమాండ్లు కొట్టినట్లు నటించిన తరం కదా మనది!

ఇంకో విషయం మీరు తప్పకుండా వినాలి. ఆ ఆట మూల ప్రోగ్రామ్ పోయిందనే మెక్నర్ చాలా ఏళ్లు అనుకున్నాడు. 2012లో వాళ్ల నాన్న ఇల్లు సర్దుతుంటే అల్మరా వెనక కొడుకు పాత సామాను కనిపించింది. అట్టపెట్టెలో వేసి పంపించాడు. దాని అడుగున రబ్బరు బ్యాండ్లు వేసిన ఫ్లాపీల కట్టలున్నాయి. ప్రోగ్రామ్ అందులోనే ఉంది. మెక్నర్ దాన్ని అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టాడు. ఆ ఆటకు సంగీతం సమకూర్చింది కూడా ఆ నాన్నే. ఒక తండ్రి ఇరవై ఏళ్ల పాటు పారేయకుండా ఉంచిన పెట్టె అది. మీరు ఒక్క నిమిషంలో ఫోల్డర్ తీసేశారు.

కోపగించుకోకండి, కానీ ఇది అనకుండా ఉండలేను. వాడు మీతో మాట్లాడకపోవడంలో నాకు తప్పు కనిపించలేదు. నాలుగు నెలలు పోసిన గోడను మీ మేస్త్రీ కళ్ల ముందే కూలగొడితే మర్నాడు అతను పనికి వస్తాడా? ముందు చేయాల్సింది క్షమాపణ అడగడం. ‘నీ మంచికే చేశాను’ అని తోక తగిలించకుండా అడగండి. తర్వాత ఇద్దరూ కలిసి వెతకండి. రీసైకిల్ బిన్‌లో ఉండవచ్చు. ముక్కూ ముఖం తెలియని వాళ్లు ఆడారన్నారు కదా, అంటే వాడు ఎక్కడో పెట్టాడు, అక్కడ ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. మీరు తీసిపారేసినదాన్ని ఆ తెలియనివాళ్లే దాచి ఉండవచ్చు.

ఇక మీ ఉత్తరంలో అడగని ప్రశ్న. ‘డబ్బు రాదు, పేరు రాదు’ అన్న చోట అది బయటపడింది. పోలిక అడిగారు కానీ మీ భయం కోర్సు గురించి కాదు. అందరూ వెళ్లే దారి వదిలి వీడొక్కడే ఏ సందులోకో వెళ్లి, తిరిగి రాలేక, ముప్పై ఏళ్లకు మన మీదే ఆధారపడతాడేమోనన్నదే మీ భయం. ఇదే భయంతో వచ్చినవాళ్లు నాకు లెక్కలేనంత మంది తెలుసు. ఒకరి కొడుకు షార్ట్ ఫిల్ములు తీస్తాడు, ఒకరి కూతురు చదరంగం ఆడుతుంది, ఇంకొకరి పిల్లవాడు పాములు పడతాడు (నిజమే, కల్పించి చెప్పడం లేదు). వాళ్లలో ఎక్కువమంది తర్వాత మామూలు ఉద్యోగాల్లోనే కుదురుకున్నారు. కొందరికి ఆ సరదాయే అన్నం పెట్టింది. నాకు తెలిసి చెడిపోయినవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమందీ సరదా ఉండి కాదు, ఇంట్లో మాట్లాడే మనిషి లేక చెడిపోయారు.

ఇప్పుడు డిగ్రీ. ఇక్కడ మాత్రం నేను మీ పక్షమే. అబ్బాయికి కూడా ఈ భాగం చదివి వినిపించండి.

పద్దెనిమిది లక్షల గేమ్ డిగ్రీల మీద నాకు నమ్మకం తక్కువ. పోయిన ఏడాది ఒక అమ్మాయి వచ్చింది, అలాంటి కోర్సు మూడేళ్లు పూర్తిచేసింది. తను చేసిన గేమ్‌లు చూపించింది. మూడూ బాగానే ఉన్నాయి. నెల తిరగకుండా అదే కాలేజీ నుంచి ఇంకో అబ్బాయి వచ్చాడు. అతని మూడు గేమ్‌లూ అవే! పాత్ర చొక్కా రంగు మాత్రం వేరు. నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాన్ని తరగతిలో తెర మీద వేసి, అందరి చేతా అదే చేయించారట. పాఠం చెప్పినవాళ్లలో ఇద్దరు, ముందటి ఏడాది అక్కడే డిగ్రీ పూర్తిచేసినవాళ్లు. అన్ని కాలేజీలూ ఇలాగే ఉంటాయని అనను. కానీ చేరే ముందు బయటికి వెళ్లిన బ్యాచ్‌లో ఒక పదిమంది పనులు పక్కపక్కన పెట్టి చూడండి. చూపించడానికి కాలేజీ తటపటాయిస్తే తిరుగు బస్సు ఎక్కేయండి.

హోర్డింగుల మీద గేమింగ్ రంగం అన్ని వేల కోట్లు, ఇన్ని వేల కోట్లు అని రాస్తారు. ఆ లెక్కల్లో రమ్మీ యాప్‌లు కూడా కలిసి ఉండేవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. ఆ యాప్‌లలో పనిచేసిన కుర్రాళ్లు చాలామంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. విదేశాల్లో పరిస్థితి గొప్పగా ఉందని కాదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన గేమ్ విభాగాల నుంచి 1,900 మందిని తీసేసింది.

అంత దూరం ఎందుకు, మీ అబ్బాయి రాకుమారుడి కథే చూడండి. ఆ వరసలో 2003 నాటి ఆటను కొత్తగా తయారుచేసే పనిని యూబీసాఫ్ట్ అనే ఫ్రాన్స్ గేమ్ కంపెనీ తన పుణె, ముంబయి స్టూడియోలకు ఇచ్చి 2020 సెప్టెంబరులో ప్రకటించింది. మన దేశంలోనే తయారవుతోందని మేమందరం సంబరపడ్డాం. బొమ్మలు బాగోలేవని విమర్శలొచ్చాయి, వాయిదాలు పడ్డాయి, 2022లో ఆ పనిని కెనడాలోని మాంట్రియల్‌కు తరలించారు. 2024 జనవరిలో అదే వరసలో ‘ది లాస్ట్ క్రౌన్’ వచ్చింది. ఫ్రాన్స్‌లో తయారైన ఆట, ఆడినవాళ్లంతా మెచ్చుకున్నారు. అమ్మకాలు కంపెనీ అనుకున్నంత లేవు. ఆ ఏడాది తిరక్కుండానే తయారుచేసిన బృందాన్ని విడదీసి తలో పనిలో వేశారు. మంచి పని చేసినా బృందం నిలవని రంగమిది. వాడికి ఇది ముందే తెలియాలి.

మరి అభిమానులు కట్టిన లెవెల్స్ ఎవరికీ అన్నం పెట్టలేదా? పెట్టాయి. ‘సోనిక్’ ఆటల అభిమాని, ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్టియన్ వైట్‌హెడ్ సొంతంగా ఒక గేమ్ ఇంజిన్ (ఆటను నడిపే మూల ప్రోగ్రామ్) రాసుకున్నాడు. ఆ ఆటల యజమాని సేగా కంపెనీ అతనికి పని ఇచ్చింది. 2017లో అతనూ, తనలాంటి ఇంకొందరు అభిమానులూ కలిసి చేసిన ‘సోనిక్ మేనియా’ను సేగాయే విడుదల చేసింది. అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ ఏళ్ల తరబడి కష్టపడి ఒక పాత ‘మెట్రాయిడ్’ ఆటను కొత్తగా కట్టి 2016లో ఉచితంగా పెట్టాడు. ఆ ఆట యజమాని నింటెండో కంపెనీ కొద్ది రోజుల్లోనే తీయించేసింది. కానీ ఆ పని చూసిన మరో స్టూడియో అతన్ని లెవెల్ డిజైనర్‌గా తీసుకుంది. 2020లో వచ్చిన ‘ఓరి’ రెండో ఆటలో అతని పని ఉంది.

ఈ ఇద్దరి పేర్లూ వాడికి తెలిసే ఉంటాయి. ఇలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అన్న సంగతి వాడికి తట్టకపోవచ్చు. ఇద్దరూ మొదలుపెట్టినదాన్ని చివరిదాకా తీసుకెళ్లారు, కాబట్టే కంటపడ్డారు. గ్వాస్తీ విషయంలో ఇంకో పాఠం కూడా ఉంది. పాత ఆట పాత్రలు, బొమ్మలు, పేరు మనవి కావు. వాటితో కట్టినదాన్ని రూపాయికి కూడా అమ్మకూడదు. ఉచితంగా పెట్టినా యజమాని తీసేయమంటే తీసేయాలి. అందుకే రాబోయే రెండేళ్లలో వాడు తన సొంత బొమ్మతో, సొంత నియమాలతో ఒక చిన్న ఆట తయారుచేయాలి. మూడు లెవెల్స్ చాలు.

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ఎప్‌సెట్ సంగతులు మీ ఇంట్లో గోడలక్కూడా కంఠతా వచ్చి ఉంటాయి, వదిలేస్తున్నాను. ప్రోగ్రామింగ్ మీద ఇష్టముంటే మంచి కాలేజీలో సీఎస్ఈ. గేమ్ ఉద్యోగం దొరక్కపోయినా ఆ చదువు వేరే చోట అక్కరకొస్తుంది, ఫీజూ తక్కువ. వాడి మనసు గదులు గీయడం మీదే ఉంటే యూసీడ్ అనే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష రాయించండి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ) ఉంది, ఎంపీసీ వాళ్లూ రాయవచ్చు. గేమ్‌ల మీదే చదవాలన్న కోరిక డిగ్రీ తర్వాత కూడా తగ్గకపోతే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరులో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ ఉంది. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్లు వస్తాయి, ఏం కావాలో మీ కంటే నా కంటే వాడికే బాగా తెలుస్తుంది. ఆ పద్దెనిమిది లక్షలు అప్పటి దాకా బ్యాంకులోనే ఉండనివ్వండి. అందులోంచి ఒక మంచి కంప్యూటర్ కొనిస్తే నేనేమీ అనను.

పరీక్షల వరకు ఒప్పందం చేసుకోండి. వారం రోజులు ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు. ఆదివారం మధ్యాహ్నం కోట. రాత్రి పదకొండు దాటితే లాప్‌టాప్ హాల్లోకి. గంటలు వాణ్నే చెప్పమనండి. మీరు చెబితే బేరమాడతాడు.

ఈ ఆదివారం ఆ కోట వేళకు మీరూ వెళ్లి పక్కన కూర్చోండి. 1996లో మీరు ఏ లెవెల్ దగ్గర ఆగిపోయారో చెప్పండి, వాడికి నవ్వొస్తుంది. వాడు కట్టిన మొదటి లెవెల్ మిమ్మల్ని ఆడనివ్వమని అడగండి. సలహాలు చెప్పకండి, మీట ఎలా నొక్కాలో మాత్రం అడగండి. నోట్‌బుక్కులో చెల్లి పేరు కింద ఇంకో వరస ఖాళీగా ఉంది. నాన్న ఎన్నిసార్లు చచ్చాడో, విసుక్కున్నాడో లేదో వాడే రాస్తాడు. ఆ పేజీ ఫొటో కూడా నాకు పంపండి.