సైడ్ స్టాండ్ మీద బండి పడిపోయిన మేనకోడలికి

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

రాయగడ మార్కెట్ దగ్గర మీ నాన్న బుల్లెట్ పడిపోయిందనీ, పక్కనున్న స్ప్లెండర్‌ని కూడా పడేసిందనీ, అప్పట్నుంచి నువ్వు ఆఫీసుకు ఆటోలోనే వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. నీకు దెబ్బలేం తగల్లేదని విన్నాకే నా మనసు కుదుటపడింది. ఫోన్ చేస్తే 'ఏం లేదు మావయ్యా' అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు అది ఎందుకు పడిందో తెలుసుకో. రోడ్డు అంచున కాలవ వైపు వాలుగా ఉన్నచోట పెట్టావని, కుడి హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించి దిగావని అమ్మ మాటల్లో అర్థమైంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి ఒరిగి నిలబడాలి. ఆ ఒరుగుడే దానికి ఆధారం. ఎడమవైపు నేల ఎత్తుగా, కుడివైపు పల్లంగా ఉంటే బండి ఒరగదు, దాదాపు నిటారుగా ఉండిపోతుంది. చూడ్డానికి చక్కగా నిలబడ్డట్టే కనిపిస్తుంది కానీ అప్పుడే భయపడాలి. దానికి తోడు కుడివైపు నాలుగైదు కిలోల సంచి. నువ్వు సీటు మీంచి దిగగానే ఎడమవైపున్న నీ బరువు కూడా పోయింది. మీ నాన్న బుల్లెట్ క్లాసిక్ 350, అంటే 195 కిలోలు. ఒకసారి కుడికి తూగాక ఆ బరువును చేత్తో ఆపడం ఎవరి వల్లా కాదు. ఆపబోతే నడుమైనా పట్టేస్తుంది, కాలైనా బండి కింద పడుతుంది. నువ్వు వదిలేసి పక్కకు జరిగావు చూడు, అదే సరైన పని. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆడపిల్లకి బుల్లెట్ ఎందుకని ఎవరో అన్నారట. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. పర్లాకిమిడిలో ఇన్నేళ్లు షెడ్డు నడిపాను. వంగిన లివర్లు, పగిలిన ఇండికేటర్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. రోజూ కొండదారుల్లో బండి తోలేవాళ్లు కూడా వచ్చేవారు. నడపడం అందరూ నేర్పుతారు, నిలబెట్టడం ఎవరూ నేర్పరు. నీకూ నేర్పలేదు.

అది ఇప్పుడు నేను చెప్తాను. బండి ఆపాక దిగకముందే నేల ఎటు వాలిందో చూడు. వాలు కొద్దిగా ఎడమకి ఉంటే ఫరవాలేదు, కుడికి ఉంటే బండి ముఖం వెనక్కి తిప్పి, వాలు ఎడమకి వచ్చేలా పెట్టు. పల్లానికి ముందు చక్రం పెట్టి ఎప్పుడూ ఆపకు. బండి కాస్త ముందుకు జారితే చాలు, స్టాండ్ వెనక్కి మడుచుకుపోతుంది. ఎత్తువైపు ముఖం పెట్టు, లేదా వెనక చక్రాన్ని అరుగుకు ఆనించు. ఫస్ట్ గేర్‌లో వదిలెయ్. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పి లాక్ వెయ్. దిగాక సీటును చేత్తో మెల్లగా కుడివైపుకి ఒకసారి తోసి చూడు. ఇట్టే లేచిపోతుంటే ఆ చోటు వద్దు, మార్చు. సంచులు ఏమున్నా ముందు దింపేసెయ్.

వానాకాలం సంగతి వేరే చెప్పాలి. స్టాండ్ అడుగున ఉండే రేకు మూడు వేళ్ల వెడల్పుంటే గొప్ప. బండి ఒరిగిన బరువంతా ఆ కాస్త చోటు మీదే. మీ ఆఫీసు వెనక ఎర్రమట్టిలో పొద్దున గట్టిగా నిలబడిన బండి, మధ్యాహ్నం వాన పడ్డాక మెల్లగా దిగబడుతూ సాయంత్రానికి నేల మీదుంటుంది. మండుటెండలో తారు మెత్తబడ్డా అంతే. అరచేయంత పలకరాయి ఒకటి ఎప్పుడూ బండి బాక్సులో పెట్టుకో, స్టాండ్ కింద వేసుకోవచ్చు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర రద్దీ రోజుల్లో బళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పెడతారు. అక్కడ వరస మధ్యలో దూర్చకు, కాస్త నడవాల్సివచ్చినా చివర పెట్టుకో.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మళ్లీ ఎప్పుడైనా పడితే, చుట్టూ జనం చూస్తున్నారన్న తొందరలో ఒక్క ఊపున లేపెయ్యాలనిపిస్తుంది. నడుములు పట్టేసేదీ, సైలెన్సర్‌కి కాళ్లు కాలేదీ అప్పుడే. బండి పడటం వల్ల దెబ్బ తిన్నవాళ్లకన్నా ఆ సిగ్గుతో ఎత్తబోయి దెబ్బ తిన్నవాళ్లనే నేను ఎక్కువ చూశాను. అందుకే చెప్తున్నాను తల్లీ, పడ్డ బండి ఎక్కడికీ పోదు. ముందు కీ ఆఫ్ చెయ్. పెట్రోల్ కారుతోందేమో చూడు. దగ్గర్లో ఎవరైనా బీడీ కాలుస్తుంటే దూరం వెళ్లమను. ఆ తర్వాత నోరు తెరిచి సాయం అడుగు. ఒడియాలో 'భాయీ, టికే ధరిబే?' (అన్నా, కాస్త పట్టుకుంటారా?) అని అడిగితే రాయగడలో ఏ దుకాణం ముందైనా ఇద్దరు లేచి వస్తారు. నవ్వినవాళ్లే ముందు వస్తారు, నేను ఎన్నోసార్లు చూశాను.

ఎవరూ లేనిచోట ఒక్కదానివే లేపాల్సి వస్తే ఇలా చెయ్. కుడివైపు పడితే ఎడమ స్టాండ్ పైకి కనిపిస్తుంటుంది. ముందు దాన్ని తెరువు, లేకపోతే లేపిన బండి అటువైపు పడిపోతుంది. గేర్‌లో ఉందో లేదో చూసుకో. హ్యాండిల్‌ను నేలవైపు పూర్తిగా తిప్పు, కింది గ్రిప్ ట్యాంకు దగ్గరికి వస్తుంది. బండికి వీపు పెట్టి, సీటు అంచుకు నడుం కింది భాగం ఆనించి గొంతుక్కూర్చో. ఒక చేత్తో ఆ గ్రిప్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైల్ (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ) పట్టుకో. వీపు వంచకుండా, కాళ్లతో నేలను తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్. బరువంతా తొడలు మోయాలి, చేతులు ఊరికే పట్టుకుని ఉండాలి. క్లాసిక్‌కి సైలెన్సర్ కుడివైపే ఉంటుంది కాబట్టి పిక్కలు జాగ్రత్త. పొరపాటున కాలితే ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టు, పేస్టు పూయకు.

లేపాక వెంటనే స్టార్ట్ చెయ్యకు. కొన్ని నిమిషాలు ఆగు. ఫ్రంట్ బ్రేక్ లివర్, వెనక బ్రేక్ పెడల్, హ్యాండిల్ తిన్నగా ఉన్నాయా, ఇంజిన్ కింద ఆయిల్ చుక్కలున్నాయా చూసుకో. నిలబడ్డచోటే రెండు బ్రేకులూ నొక్కి చూసి అప్పుడు కదులు. వంగిన లివర్‌ని చేత్తో వంచి సరిచెయ్యకు, ఏదో ఒక రోజు బ్రేక్ పట్టినప్పుడే విరుగుతుంది. కొత్తది వేయించు. ఇలాంటి చిన్నవాటికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టొద్దని మీ నాన్నకి చెప్పు, క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పోతుంది.

ఆ స్ప్లెండర్ అబ్బాయికి డబ్బులు ఇచ్చేసి పరుగున వచ్చేశావట. ఇచ్చావు, మంచిదే. కానీ ఒక్కసారి ఫోన్ చేసి పగిలిన అద్దం వేయించుకున్నాడా, ఇంకేమైనా దెబ్బ తిందా అని అడుగు. నెంబర్ లేకపోతే ఆ దుకాణం వాళ్లని అడిగితే తెలుస్తుంది. ఈ ఫోన్ నీకు ఎంత మేలు చేస్తుందో చేశాక చూడు. ఎవరూ లేనప్పుడు వేరేవాళ్ల బండి పడేస్తే మాత్రం వెళ్లిపోకు. పక్క దుకాణంలో చెప్పి, చీటీ మీద నీ నెంబర్ రాసి బండికి పెట్టు.

ఆటో మానెయ్. కొత్త లివర్ వేశాక ఒకటి రెండు రోజుల్లో, జనం పలచగా ఉండే పొద్దున్నపూట, బండి వేసుకుని ఆ చోటికే వెళ్లు. నేను చెప్పినట్టు నిలబెట్టి, అదే దుకాణంలో కూరగాయలు కొనుక్కుని రా. వాళ్లు అడిగితే 'అవునండీ, ఆరోజు పడిపోయింది' అను, అంతకు మించి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నెల పోతే వాళ్లకి గుర్తుండదు. వెళ్లకుండా ఉంటే నీకే ఏళ్ల తరబడి గుర్తుంటుంది, అదే నా దిగులు.

వచ్చే ఆదివారం గుణుపురం మీదుగా బస్సులో వస్తాను. కొత్త బ్రేక్ లివర్ నేనే తెస్తాను, అక్కడ కొనకు. మీ ఇంటి ముందు వాలులో పది రకాలుగా నిలబెట్టి చూద్దాం. నువ్వే నిలబెట్టాలి, నేను పక్కన ఉంటాను.

మీ మావయ్య