గీజర్‌కు గార పడితే తప్పు ఎవరిది?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి చాలక బోరు, అదీ ఎండితే ట్యాంకర్. రెండేళ్లలో గీజర్ ఎలిమెంట్ రెండుసార్లు మార్చాం. మెకానిక్ మీటర్ ముంచి చూసి ‘టీడీఎస్ 900 ఉందమ్మా, పైపుకి అయస్కాంతం బిగించుకోండి, వాషింగ్ మెషీన్‌లో నెలనెలా పౌడర్ వేయండి’ అన్నాడు. మావారేమో ఇంటి మొత్తానికీ సాఫ్ట్‌నర్ పెట్టిద్దామంటున్నారు. ఏది చేయమంటారు?

జవాబు: ముందు ఆ 900 సంగతి చూద్దామండీ. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నిటి లెక్క, మామూలు ఉప్పు కూడా అందులోకే వస్తుంది. గీజర్‌లో గార కట్టేది మాత్రం కాల్షియం, మెగ్నీషియం. వీటి లెక్కనే కాఠిన్యం అంటారు, దాన్ని ఆ మీటర్ విడిగా చూపించదు. దానికి చుక్కల మందుతో చేసే కిట్ వేరే దొరుకుతుంది, నీళ్లు ఎర్రటి రంగు నుంచి నీలంలోకి మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే పని. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ట్యాంకర్ నీళ్లు ఎక్కువగా ఎవరిదో ఒక బోరు నీళ్లే కాబట్టి ఈ అంకె వారం వారం మారిపోతుంది, ఒక్కసారి పరీక్షించి ఊరుకుంటే లాభం లేదు.

ఇక గీజర్. ఈ నీళ్లు చల్లగా ఉన్నంతసేపూ పెద్దగా గొడవ చేయవు. వేడి తగిలితే కాల్షియం బైకార్బొనేట్ కాస్తా కార్బొనేట్‌గా మారి, అన్నిటికన్నా వేడిగా ఉన్న చోట, అంటే సరిగ్గా ఎలిమెంట్ మీదే, తెల్లటి పెచ్చులా కూర్చుంటుంది. కాఠిన్యం 400 ఉన్న నీళ్లయితే 15 లీటర్ల ట్యాంకు ఒక్కసారి నిండేసరికి 6 గ్రాముల సరుకు లోపలికి వచ్చినట్టే, అంతా అక్కడే దిగదు గానీ దిగిన కొంచెమే రోజూ పేరుకుంటుంది. ఆ పెచ్చు వేడిని నీళ్లలోకి పోనివ్వదు, లోపల కాయిల్ మాడిపోతుంది. నీళ్లు వేడెక్కడానికి ముందుకన్నా ఎక్కువసేపు పట్టినా, ఆన్ చేయగానే లోపల టపటపమని చప్పుడు వచ్చినా గార బాగా పట్టిందని అర్థం.

అందుకే మొట్టమొదట చేయాల్సింది, పైసా ఖర్చు లేనిది, థర్మోస్టాట్ తగ్గించడం. 75 దగ్గర పెట్టి బకెట్టులో సగం చన్నీళ్లు కలుపుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, 55-60 మధ్య పెడితే గార పట్టే వేగం తగ్గుతుంది. ఏడాదికోసారి, మీ నీళ్లకైతే ఆర్నెల్లకే, మెకానిక్ చేత ఎలిమెంట్ విప్పించండి. కరెంటు తగిలించే కొసలు తడవకుండా మిగతా భాగాన్ని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే బుసబుసమని నురగ వచ్చి పెచ్చు ఊడిపోతుంది. అదే రోజు యానోడ్ కడ్డీ కూడా చూపించమనండి, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయేది అదే, సన్నబడితే మార్చాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం గీజర్‌లో పోయనివ్వకండి, గారతో పాటు లోహాన్నీ తినేస్తుంది.

అయస్కాంతమా? గట్టి రుజువు లేని వస్తువది, నేనైతే కొనను.

సాఫ్ట్‌నర్ నిజంగానే పని చేస్తుంది. లోపలి రెజిన్ (చిన్న చిన్న ప్లాస్టిక్ పూసలు) కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. కాబట్టి టీడీఎస్ ఏమీ తగ్గదు, తగ్గలేదని మిషన్ వాడితో పోట్లాడితే ఉపయోగం ఉండదు. రెజిన్‌ను మళ్లీ పనికి తేవడానికి ఉప్పు నీళ్లతో కడుగుతూ ఉండాలి, ఆ ఉప్పు ఖర్చూ కడిగిన నీళ్లు వృథా కావడమూ మీవే. కాఠిన్యం 400 ఉన్న నీళ్లను మెత్తబరిస్తే లీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, అందుకే బీపీ ఉన్నవాళ్లు తాగే నీళ్లకూ కుండీల మొక్కలకూ ఆ లైను వద్దు. మీవారికి చెప్పండి, గీజర్, వాషింగ్ మెషీన్ లైన్లకే పెట్టించుకుంటే చిన్నది సరిపోతుంది. ఫ్లాట్లన్నీ కలిసి సంపు దగ్గర పెట్టించుకుంటే ఇంకా మేలు, అసోసియేషన్ మీటింగులో అది తేలుతుందా అన్నది వేరే కథ.

వాషింగ్ మెషీన్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మీరు ఉతికేది చన్నీళ్లతోనే అయితే లోపల హీటర్ వెలగదు, గార తక్కువే. అక్కడ అసలు నష్టం డిటర్జెంట్‌ది, కాల్షియం దాని శక్తిని తినేయడంతో ఎక్కువ వేయాల్సి వస్తుంది, తువ్వాళ్లు అట్టలా బిగుసుకుంటాయి. నీళ్లు నెమ్మదిగా వస్తుంటే వెనక పైపు తగిలించే చోట చిన్న జల్లెడ ఉంటుంది, తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గార తీసే పౌడర్ మూణ్నాలుగు నెలలకోసారి చాలు. దానితో పాటు బ్లీచింగ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ప్రశ్న: బోరు నీళ్లలో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకడం లేదు. పటిక వేస్తే నీళ్లు మారతాయా?

జవాబు: మారవండీ. పటిక మట్టిని అడుక్కి దించుతుంది, కాఠిన్యాన్ని ముట్టుకోదు. కాల్షియం పప్పు గింజలో కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని బిగించేస్తుంది, అందుకే మెత్తబడదు. ఆర్‌ఓ నీళ్లుంటే నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ అవే వాడండి, లేకపోతే చిటికెడు వంటసోడా వేయండి. చింతపండు పులుసు మాత్రం పప్పు పూర్తిగా ఉడికాకే పోయాలి, పులుపు తగిలితే పప్పు మళ్లీ మొండికేస్తుంది.