డ్రమ్స్ వాయిస్తూ, పాడుతూ, పాటలు రాసే కంట్రీ సంగీతకారుడికి కెరీర్ ఉంటుందా?

అమెరికా పల్లె పాటల నుంచి పెరిగిన కంట్రీ సంగీతంలో డ్రమ్మర్‌గా మొదలుపెట్టి, పాడుతూ, రాస్తూ బతకొచ్చా అని అడిగారు. బతకొచ్చు. కాకపోతే ఈ మూడింటిలో ఏది ఈ నెల అద్దె కడుతుందో, ఏది ముసలితనంలో తిండి పెడుతుందో తెలుసుకుని దిగాలి.

నేను ఉద్యోగరీత్యా కంట్రీ సంగీతానికి పుట్టిల్లు లాంటి నాష్‌విల్‌ నగరంలో ఉంటాను. గుంటూరులో చర్చిలో డ్రమ్స్ వాయించేవాణ్ణి. ఇక్కడ ఆఫీసు మిత్రులతో కలిసి ఒకరి గరాజ్‌లో సరదాగా వాయిస్తుంటాను, డబ్బుల కోసం కాదు (నా వీసాకి ఆ యోగం లేదు). కానీ సంగీతమే వృత్తిగా ఉన్నవాళ్ళతో పరిచయాలున్నాయి, వాళ్ళ జమాఖర్చులు వింటుంటాను.

ఇక్కడి బ్రాడ్‌వే వీధి బార్లలో పగటిపూట మొదలై అర్ధరాత్రి దాటేదాకా బ్యాండ్లు మోగుతూనే ఉంటాయి. ఒక్కో బ్యాండుకి మామూలుగా నాలుగు గంటల షిఫ్టు. బార్ వాళ్ళు చేతిలో పెట్టేది కొంచెమే, అసలు సంపాదన టిప్పులే. పాట మధ్యలో ఒకరు బకెట్ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతారు. ఆ బకెట్ తిరిగొచ్చేదాకా డ్రమ్మర్ చెయ్యి ఆపకూడదు. అదే డ్రమ్మర్ పాడగలిగితే గాయకుడి గొంతుకి విశ్రాంతి, అందుకే పాడే డ్రమ్మర్‌ని మళ్ళీ మళ్ళీ పిలుస్తారు.

వాయిస్తూ పాడటం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. పాటలో మాట ఎక్కడ పడితే కుడికాలు కూడా అక్కడే కిక్ పెడల్ తొక్కేస్తుంది. తాళం కాస్తా సాహిత్యం వెంట పోతుంది. నాకు పనికొచ్చింది ఏమిటంటే, ట్యూన్ వదిలేసి, హై-హ్యాట్ (డ్రమ్ కిట్‌లోని జంట తాళాలు) మీద సమంగా కొడుతూ సాహిత్యాన్ని వట్టి మాటల్లా చదవడం. కాలు కుదిరాకే రాగం.

కంట్రీలో డ్రమ్మర్‌కి మొదట్నుంచీ పెద్దపీట వేయలేదు. నాష్‌విల్‌లోని ప్రసిద్ధ కంట్రీ రేడియో కచేరీ ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ వేదిక మీద చాలాకాలం డ్రమ్స్ అంటేనే గిట్టేది కాదు. పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ తొలి రోజుల్లో బ్యాండులో డ్రమ్మర్ లేక, గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి స్నేర్ డ్రమ్ లాంటి చప్పుడు తెప్పించేవాడు. 1960లో డబ్ల్యూ.ఎస్. హాలండ్ చేరాకే ఆయనకు సొంత డ్రమ్మర్ దొరికాడు.

మీ ప్రశ్నకి అసలు జవాబు డ్రమ్స్ వాయిస్తూ పాడిన లెవాన్ హెల్మ్ జీవితంలో ఉంది. పక్కా కంట్రీ గాయకుడని అనలేం గానీ వేళ్ళు అక్కడివే. 1940లో అర్కాన్సాస్‌లో పత్తి రైతుల ఇంట పుట్టాడు. ఆరేళ్ళప్పుడు బ్లూగ్రాస్ (కంట్రీలో ఒక శాఖ) గాయకుడు బిల్ మన్రో కచేరీ చూసి సంగీతం పిచ్చిలో పడ్డాడు. రాక్ గాయకుడు రానీ హాకిన్స్ దగ్గర డ్రమ్మర్‌గా కెనడా వెళ్ళాడు. 1965లో ఆ బ్యాండే బాబ్ డిలన్ వెనక వాయిస్తుంటే జనం అరిచి గోల చేశారు. అది భరించలేక మానేసి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆయిల్ రిగ్ మీద పనిచేశాడు. 1967లో తిరిగొచ్చి, ‘ది బ్యాండ్’ పేరుతో చరిత్రలో నిలిచిపోయిన ఆల్బమ్‌లలో పాడాడు, వాయించాడు. ఆ బ్యాండులో అమెరికన్ ఆయనొక్కడే, మిగతా నలుగురూ కెనడావాళ్ళు.

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. ఆ పాటల్లో రచయితగా హెల్మ్ పేరున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ భాగం ఆ బ్యాండు గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ పేరు మీద ఉన్నాయి. అవి అందరం కలిసి తయారుచేసుకున్నవి, వాటా అన్యాయంగా పోయింది అని హెల్మ్ తన ఆత్మకథలోనూ రాశాడు. రాయడం నా పనే అని రాబర్ట్‌సన్ చివరిదాకా నిలబడ్డాడు. తప్పెవరిదో తేల్చడానికి నేనెవర్ని? అమెరికాలో మామూలు ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే డబ్బు రాసినవాళ్ళకీ, వాళ్ళ పబ్లిషర్‌కీ వెళ్తుంది. పాడినవాళ్ళకి పైసా రాదు, డ్రమ్మర్ సంగతి చెప్పక్కర్లేదు.

1990ల చివర ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీయించుకోవడానికి ఒప్పుకోక 28 విడతల రేడియేషన్ చేయించుకున్నాడు. గొంతు పోయింది, అప్పులు మిగిలాయి. ఆసుపత్రి బిల్లులు, ఇంటి అప్పు తీర్చడానికి 2004లో న్యూయార్క్ రాష్ట్రం ఉడ్‌స్టాక్‌లోని తన స్టూడియోలోనే ‘మిడ్‌నైట్ రాంబుల్’ కచేరీలు మొదలుపెట్టాడు. మెల్లగా గొంతు తిరిగొచ్చింది, కాస్త గరుకుగా. నాకైతే ఆ గరుకు గొంతే ఎక్కువ ఇష్టం. అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న పాటలు కూడా కలిపి 2007లో విడుదల చేసిన ‘డర్ట్ ఫార్మర్’ ఆల్బమ్‌కి మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. తర్వాత మరో రెండు ఆల్బమ్‌లకీ వచ్చాయి. 2012లో పోయాడు.

నాష్‌విల్‌లో ఇప్పుడు పద్ధతి కాస్త మెరుగు. కలిసి పాట రాయడానికి కూర్చుంటే, ఎవరు ఎన్ని మాటలిచ్చారన్నది చూడకుండా గదిలో ఉన్నవాళ్ళంతా సమానంగా పంచుకోవడం ఇక్కడి వాడుక. అయినా వాటాలు అదే రోజు కాగితం మీద పెట్టించుకోండి. పాట హిట్టయ్యాక అడిగితే మొహమాటం, గొడవ, టెన్షన్. పాటని ఏఎస్‌సీఏపీ లేదా బీఎంఐలో (పాట వాడుకున్నందుకు రచయితలకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థలు) మీ పేరుతో నమోదు చేయించండి.

ఇంకొకటి, గిటార్ మీద నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) అయినా నేర్చుకోండి. పాటలు రాసే గదుల్లో డ్రమ్ కిట్ ఉండదు. హెల్మ్ కూడా మాండలిన్ వాయించేవాడు, ఆ పాటలప్పుడు డ్రమ్స్ మీద ఆ బ్యాండు పియానో వాద్యకారుడు రిచర్డ్ మాన్యుయెల్ కూర్చునేవాడు.