ఒగ్గు డోలు మాన్పించాలా?

ప్రశ్న: మాది ఒగ్గు కథ (డోలు దరువులతో మల్లన్న, బీరప్ప దేవుళ్ల కథలు పాడి చెప్పే జానపద కళ) చెప్పే కుటుంబం. బాబు ఏడో తరగతి, 12 ఏళ్లు. డోలు బాగా వాయిస్తాడు. పట్నాలకు (రంగుల ముగ్గులేసి చేసే మల్లన్న పూజలకు), దేవుళ్ల కొలుపులకు తీసుకెళ్తే బడి పోతోంది. పైగా క్లాసులో వెక్కిరిస్తున్నారని ఇక డోలు ముట్టనంటున్నాడు. మాన్పించి చదువు మీదే పెట్టమంటారా?
– ఒక తండ్రి, జనగామ జిల్లా

జవాబు: మాన్పించకండి. రాత్రి కొలుపులకు తిప్పడం మాత్రం తగ్గించండి. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ఆదివారాలు నడుస్తుంది. వార్షిక పరీక్షలకు చదువుకోవాల్సిన రోజులూ అవే. ఆదివారం పొద్దుపోయేదాకా డోలు కొట్టినవాడు సోమవారం బడికెళ్లినా కునికిపాట్లే.

మీవాడి వయసుకు తగిన సాయం ఒకటుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింది సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) 10–14 ఏళ్ల పిల్లలకు ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దేశం మొత్తానికి 650. వాటిలో 125 సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన పిల్లలకు, 30 దివ్యాంగులకు విడిగా ఉంటాయి. మీరు ఆ 125 కిందే దరఖాస్తు పెట్టండి. తెలియక జనరల్ విభాగంలో పెడితే ఏళ్ల తరబడి సంగీతం, నాట్యం క్లాసులకు వెళ్లిన పిల్లలతో పోటీ పడాల్సి వస్తుంది. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో నోటిఫికేషన్ రాకముందే చూసుకోండి. సందేహాలుంటే హైదరాబాద్ మాదాపూర్‌లో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇచ్చేది ఏడాదికి 3,600 రూపాయలు, శిక్షణ ఫీజు కింద 9,000 దాకా. నెలకు 300 అంటే చేతిఖర్చు కూడా కాదు, నిజమే. కానీ రెండేళ్లకోసారి పురోగతి చూసి, డిగ్రీ పూర్తయ్యేదాకా లేదా 20 ఏళ్లు నిండేదాకా పొడిగిస్తారు. అసలు విలువ అక్కడుంది.

ఎంపిక రోజు చిక్కు వేరే. ఒగ్గు కథ బృందంతో నడిచే కళ. వంత లేకుండా పిల్లాడు ఒక్కడే కథ ఎత్తుకుంటే బోసిగా ఉంటుంది, కథంతా వినేంత సమయం ప్యానెల్‌కూ ఉండదు. ముందు రెండు నిమిషాలు ఒట్టి డోలు దరువులు, ఆ తర్వాత మల్లన్న కథలోనో బీరప్ప కథలోనో చిన్న ఘట్టం, పాటా మాటా కలిపి సాధన చేయించండి. ఏ దరువు ఏ సందర్భంలో వాయిస్తారో నోటితో చెప్పడం నేర్పండి. విని నేర్చుకున్న పిల్లలు చేత్తో అదరగొట్టి, అడిగితే నోరు విప్పరు.

ఇక వెక్కిరింపు సంగతి. హెడ్మాస్టరుతో మాట్లాడి ఆగస్టు 15కు ఒగ్గు డోలు పెట్టించండి. అయితే మీవాడు ఒక్కడే వాయిస్తే వాడు మళ్లీ వేరుగానే మిగులుతాడు. నలుగురైదుగురు క్లాసు పిల్లలకు అడుగులు, దరువు వాడితోనే నేర్పించండి. డోలు మెడకు తగిలించుకుని పది నిమిషాలు ఎగిరితే వాళ్లకే తెలుస్తుంది ఆ బరువేంటో. తొమ్మిదో తరగతికి వచ్చాక కళా ఉత్సవ్ ఉంది. 2015 నుంచి కేంద్ర విద్యాశాఖ 9–12 తరగతులకు జరుపుతున్న పోటీ ఇది. బడి ద్వారానే వెళ్లాలి కాబట్టి హెడ్మాస్టరుతో మంచిగా ఉండటం అవసరం.

ఒక కాగితం పని ఇప్పుడే మొదలుపెట్టండి. 18–25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్రం నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు కనీసం ఐదేళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. ఇంట్లో నేర్చుకున్నదానికి తేదీలు ఎవరూ రాసిపెట్టరు. ఎప్పుడు మొదలుపెట్టాడో, ఏమేం నేర్చాడో ఒక నోటుబుక్‌లో రాసి, ఏడాదికోసారి గురువు సంతకం, తేదీ వేయించండి. ప్రదర్శన ఫొటోలు, కరపత్రాలు అందులోనే అతికించండి.